బయట చేయిస్తే ఏమవుతుంది? కార్ల కంపెనీలకు బహిరంగ లేఖ

భారతదేశంలో కార్లు తయారుచేసి అమ్ముతున్న కంపెనీల యాజమాన్యాలకు,



“బయట చేయిస్తే వారంటీ పోతుంది సార్.”

మీ సర్వీసు సెంటర్లలో పనిచేసే ప్రతి అడ్వైజరుకీ ఈ వాక్యం కంఠతా వచ్చు. కంపెనీ మారినా ఊరు మారినా మాట మారదు. మొన్న నాకూ చెప్పారు. జాబ్ కార్డు రాస్తున్న కుర్రాడు నా బండి బ్రేకు ప్యాడ్లు తమ దగ్గర మార్చినవి కావని కనిపెట్టి ఆ మాట అన్నాడు. ఎక్కడ రాసుందో చూపించమన్నాను. మేనేజరు గారిని అడగాలన్నాడు. మేనేజరు గారొచ్చి “కంపెనీ పాలసీ సార్” అన్నారు. ఆ పాలసీ కాగితం ఇవ్వమంటే కాఫీ ఇప్పించారు. కాఫీ బాగానే ఉంది. పాలసీ మాత్రం వాళ్లది కాదు, మీది. అందుకే ఆ కుర్రాణ్ణీ ఆ మేనేజరునీ వదిలేసి మీకు రాస్తున్నాను.

ఈ ఉత్తరంలో మీకు తెలియని సంగతి ఒక్కటీ ఉండదు. బండి కొన్నవాళ్లలో చాలామందికి మాత్రం తెలియదు. తెలియకపోవడం వల్ల లాభపడుతున్నది ఎవరో మీరే చెప్పండి.

2011లో ఒక వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్ గడప తొక్కాడు. విడిభాగాలు డీలర్ల దగ్గర తప్ప మరెక్కడా దొరకనివ్వడం లేదనీ, బయటి మెకానిక్కులకు సాంకేతిక సమాచారం గానీ పరికరాలు గానీ అందనివ్వడం లేదనీ ఆయన ఫిర్యాదు. మూడు కంపెనీల మీద మొదలైన ఆ విచారణ చివరికి మీలో చాలామంది దాకా వచ్చింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టొయోటా, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. స్వదేశీ, విదేశీ తేడా లేకపోయింది. చవక బండి అమ్మేవాళ్లూ ఉన్నారు, కోటి రూపాయల బండి అమ్మేవాళ్లూ ఉన్నారు.

జరిమానా సంగతి పక్కన పెడదాం. మీరు అప్పీళ్లకు వెళ్లారు, హైకోర్టుకు వెళ్లారు, వెళ్లడం మీ హక్కు. 2016 డిసెంబరులో అప్పీళ్ల ట్రిబ్యునల్ టొయోటా, నిస్సాన్, ఫోర్డ్ విషయంలో జరిమానా లెక్కగట్టే పద్ధతి మార్చి భారం తగ్గించింది. తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని మాత్రం కొట్టివేయలేదు. నేను అడగదలచుకున్నది ఆ ఉత్తర్వులో జరిమానాతో పాటు ఇచ్చిన ఆదేశాల గురించి. కోట్ల అంకె పెద్దదిగా కనపడేసరికి వాటిని ఎవరూ పట్టించుకోలేదు. విడిభాగాలు కౌంటరు మీద దొరికే ఏర్పాటు చేయమంది కమిషన్. వాటి ధరలు, వారంటీ షరతులు వెబ్‌సైట్లో అందరికీ కనపడేలా పెట్టమంది. బయటి మెకానిక్కులకు శిక్షణ ఏర్పాట్లు చేయమంది, బండిలో లోపం కనిపెట్టే పరికరాలు వాళ్లకు సులువుగా అందేలా చూడమంది. బయట బాగుచేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అని గంపగుత్తగా షరతు పెట్టవద్దంది. బయటి మెకానిక్ చేతకాని పని వల్ల ఏదైనా పాడైతే, ఆ పాడైన మేరకు మాత్రమే రద్దు చేసుకోవచ్చంది.

అంటే, బ్రేకు ప్యాడ్లు బయట వేయించినవాడి బండిలో ఏసీ కంప్రెసర్ పోతే బాధ్యత మీదే. ఆయిలు బయట మార్పించినవాడి పవర్ విండో మోటారు కాలిపోతే మార్చి ఇవ్వాల్సింది మీరే. ఆయిలు తప్పుగా పోసి ఇంజను పట్టేస్తే అప్పుడు కాదనండి, ఎవరూ అడ్డు చెప్పరు. చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ అర్థమయ్యే ఈ తేడా మీ కౌంటరు దాకా ఎందుకు రాలేదు? మీ న్యాయవాదులు పేజీ పేజీ చదివిన ఉత్తర్వు మీ అడ్వైజరు చెవిన ఎందుకు పడలేదు? పడకుండా ఉంటేనే బాగుంటుందని ఎవరైనా అనుకున్నారా?

ఇక మీ వెయిటింగ్ హాల్లోకి రండి. ఏసీ ఉంటుంది, గోడకు టీవీ ఉంటుంది, వర్క్‌షాపుకీ మాకూ మధ్య అద్దం ఉంటుంది. అద్దం పక్క తలుపు మీద కస్టమర్లకు లోపలికి ప్రవేశం లేదని రాసి ఉంటుంది. భద్రత కోసమంటారు, సరే. పది వేల కిలోమీటర్ల సర్వీసుకి వెళ్తే ఎస్టిమేటు పద్ధతిగానే మొదలవుతుంది: ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్ వాషరు, లేబరు. ఇంతవరకు పేచీ లేదు. అక్కణ్ణుంచి అడ్వైజరు గొంతు మెత్తబడుతుంది. ఇంజన్ డీకార్బనైజింగ్ చేయిద్దామా సార్? థ్రాటిల్ బాడీ క్లీనింగ్? ఏసీలో క్రిములు పోవడానికి స్ప్రే? కింద అండర్‌బాడీ కోటింగ్? పెయింటు మెరవడానికి టెఫ్లాన్? అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు అయితే అడగకుండానే రాసేసి ఉంటాయి. వద్దంటే ఒక్క క్షణం ఆగి, “తర్వాత ప్రాబ్లం వస్తే మమ్మల్ని అనకండి సార్” అంటాడు. మధ్యతరగతివాడు, ఇంకా బ్యాంకు వాయిదాలు కడుతున్నవాడు, ఆ మాటకి బెదిరి సరే అనేస్తాడు.

బండితో పాటు మీరే ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో సర్వీసు పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు ఏది చూడాలి, ఏది మార్చాలి అని గళ్లు గీసి మరీ ఉంటుంది. దాన్ని మీ ఇంజనీర్లు రాశారు, నాకు దాని మీద గౌరవం ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, అందుకే చాలా బళ్లకు రెండేళ్లకోసారి మార్చమంటారు. కారణం ఉంది, మారుస్తాం. కొత్త బండికి ఏడాది తిరక్కుండా డీకార్బనైజింగ్ చేయమని ఆ పట్టికలో ఏ గడిలో ఉందో చూపిస్తారా? మీ ఇంజనీర్లకు తోచని అవసరం మీ డీలరు బిల్లులో ఎలా మొలిచింది? అడ్వైజరు నెల తిరిగేసరికి ఇన్ని స్ప్రేలు, ఇన్ని కోటింగులు అమ్మాలని లెక్క పెట్టేది ఎవరు? కొత్త కారు అమ్మితే డీలరుకి మిగిలేది తక్కువ, సర్వీసులోనూ సామాన్లోనూ మిగిలేది ఎక్కువ అని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మిగుల్చుకోవడం నేరం కాదు. భయపెట్టి మిగుల్చుకోవడం గురించే నా మాట.

ఆ మధ్య నా బండి గతుకుల మీద ఎడమవైపు ముందు చక్రం దగ్గర టకటకమంటుంటే మీ వాళ్లకే ముందు చూపించాను. లోయర్ ఆర్మ్ మొత్తం మార్చాలన్నారు. బుష్ ఒక్కటే మార్చలేరా అంటే, కంపెనీ విడిగా ఇవ్వదు, అసెంబ్లీగానే వస్తుందన్నారు. బండి ఆటోనగర్‌కి తోలుకెళ్లాను. మా మేస్త్రి జాకీ ఎత్తి, కింద దూరి, పొడుగాటి రాడ్డు పెట్టి ఆర్మ్‌ని అటూ ఇటూ ఆడించాడు. నన్నూ వంగి చూడమని టార్చి లైటు పట్టాడు. బుష్ రబ్బరు నిలువునా చీలి ఉంది, ఇనుముకి ఏమీ కాలేదు. ఆర్మ్ ఊడదీసి, ప్రెస్ మీద పాత బుష్ బయటికి నొక్కి కొత్తది ఎక్కించాడు. బాల్ జాయింటుని వేళ్లతో తిప్పి చూసి, “ఇది ఇంకా గట్టిగానే ఉందండీ, దీని జోలికెళ్లక్కర్లేదు” అన్నాడు. చీలిన రబ్బరు ముక్క నా చేతిలో పెట్టి, అప్పుడు డబ్బులు అడిగాడు. చప్పుడు పోయింది.

ఆల్టర్నేటర్ సంగతీ ఇంతే. లోపల బేరింగో కార్బన్ బ్రష్షులో అరిగితే మీ దగ్గర డబ్బా మొత్తం మార్చాలి. షెడ్డులో విప్పి, పోయిన ముక్క వేసి, మళ్లీ బిగిస్తారు. మొత్తంగా మార్చడానికి మీకు కారణాలు ఉండొచ్చు: పని తొందరగా అవుతుంది, గ్యారంటీ ఇవ్వడం తేలిక. ఆ కారణాలు మాకు చెప్పి, రెండు ధరలూ ముందు పెట్టి, ఏది కావాలో మమ్మల్ని అడగండి. విడి బుష్ అసలు అమ్మకుండా దాచిపెట్టి, ఆర్మ్ కొనక తప్పదనడం సర్వీసు ఎలా అవుతుంది?

షెడ్డులన్నీ సత్యహరిశ్చంద్రుడి వంశమని నేను అనడం లేదు. స్పానర్ పట్టుకున్న ప్రతివాడూ మేస్త్రి కాడు. డ్రమ్ములోంచి లీటర్లెక్కన లూజు ఆయిలు పోసేవాళ్లున్నారు. కంపెనీ డబ్బాలో డూప్లికేట్ ఫిల్టరు పెట్టి ఒరిజినల్ ధర తీసుకునేవాళ్లున్నారు. రేపిస్తానన్న బండి ఎల్లుండికి కూడా స్టాండ్ల మీదే ఉంటుంది. బిల్లు అడిగితే సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిచ్చిన మహానుభావుణ్ణి కూడా చూశాను. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను: కొన్ని పనులు మీ దగ్గరే చేయించాలి. రీకాల్ వస్తే మీ వర్క్‌షాపుకే రావాలి. ఎయిర్ బ్యాగుల పని, వారంటీలో ఉన్న ఆటోమేటిక్ గేర్ బాక్సు పని బయట పెట్టడం తెలివైన పని కాదు. ముందు అద్దం వెనక కెమెరా ఉన్న బళ్లకు అద్దం మారిస్తే ఆ కెమెరాని తిరిగి సరిచూడాలి. దానికి స్థలం, బోర్డులు, సాఫ్ట్‌వేర్ కావాలి, అన్ని షెడ్డుల్లోనూ ఉండవు. సర్వీసు చరిత్ర పక్కాగా ఉన్న బండికి రీసేల్‌లో మంచి ధర వస్తుందన్నదీ నిజమే. ఏ పని ఎక్కడ చేయించాలో ఇవన్నీ బేరీజు వేసుకుని మేము తేల్చుకోగలం. ఆ బేరీజుకి కావలసిన సమాచారం మీ గుప్పిట్లో పెట్టుకుని, మాకు భయం ఒక్కటే మిగల్చడం న్యాయమా?

గుప్పిట అన్నది ఊరికే అనలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక బండి నిండా సెన్సర్లు. స్టీరింగు కింద ఉన్న పోర్టుకి మామూలు స్కానర్ తగిలిస్తే ఇంజను కోడ్లు వస్తాయి, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత చిక్కు మొదలవుతుంది. కామన్ రైల్ డీజిల్ బండికి కొత్త ఇంజెక్టర్ వేస్తే, దాని ఒంటి మీద అచ్చువేసిన కోడు ఇంజను కంప్యూటర్‌లో ఎక్కించాలి. బటన్‌తో పడే పార్కింగ్ బ్రేకు ఉన్న బండికి వెనక ప్యాడ్లు మార్చాలంటే ముందు ఆ బ్రేకుని సర్వీసు మోడ్‌లో పెట్టాలి. తాళంచెవి పోతే కొత్తదానికి కోడింగ్ చేయాలి. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు. పని చేసేది మనిషి చెయ్యే, అడ్డం పడుతున్నది పాస్‌వర్డు. కొత్త మోడళ్లలో కంపెనీ సర్వర్‌కి లాగిన్ అయితే తప్ప కదలని పనులు పెరుగుతున్నాయి. ఆ లాగిన్ మీ డీలరుకే ఉంటుంది. దొంగతనాల భయం అంటారు. తాళాల విషయంలో ఒప్పుకుంటాను, గుర్తింపు పత్రాలు చూసి ఇవ్వండి. బ్రేకు ప్యాడ్లు మార్చడానికి కూడా దొంగల భయమేనా?

పైగా ఇప్పుడు బండిలో సిమ్ము. ఎంత వేగంగా వెళ్లాం, బ్యాటరీ ఎలా ఉంది, సర్వీసు గడువు ఎప్పుడు, అన్నీ మీ కంప్యూటర్లకు చేరిపోతున్నాయి. లోపం ఏమిటో బండి నడిపేవాడి కంటే ముందు మీకు తెలుస్తోంది. లక్షలు పోసి కొన్నవాడికి తన బండిలో ఏ కోడు వచ్చిందో చూసుకునే హక్కు లేదా? ఆ కోడుని తనకు నచ్చిన మెకానిక్‌కి చూపించే హక్కు లేదా?

మీ మాటల్లో ఇంకొకటి నాకు ఎప్పుడూ మింగుడుపడదు: బయటి మెకానిక్కులకు చదువు లేదు, శిక్షణ లేదు అనడం. ఆటోనగర్ షెడ్డుల్లో సొంతంగా పెట్టుకున్నవాళ్లని అడిగి చూడండి. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడ్ చదివి, మీ వర్క్‌షాపుల్లోనే ఏళ్ల తరబడి పనిచేసి, జీతం చాలక బయటికి వచ్చినవాళ్లు ఎందరో. మీ యూనిఫాం వేసుకున్నంతకాలం ఆ చేతుల్ని మీ ప్రకటనల్లో నిపుణుల చేతులుగా చూపించారు. యూనిఫాం విప్పి సొంత షట్టరు ఎత్తిన రోజు ఆ నైపుణ్యం ఎక్కడికి పోయింది? మరి కొందరు చిన్నతనంలో టైర్లు విప్పడంతో మొదలుపెట్టి, ఉస్తాదుల దగ్గర తిట్లు తింటూ నేర్చుకున్నవాళ్లు. స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ బేరింగు అరుస్తోందో చెప్పగలరు. వాళ్లకు కొత్త బళ్ల సాంకేతికత రాకపోతే నేర్పించమని కమిషన్ మీకే చెప్పింది. ఊరికే నేర్పమనలేదు, రుసుము తీసుకోవచ్చంది. మీరెన్ని తరగతులు పెట్టారు? విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ ఆటోనగర్‌లో, విశాఖలో మీ కంపెనీ బోర్డు కింద బయటి మెకానిక్కులకు ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు? రేపు ఎలక్ట్రిక్ బళ్లు వాళ్ల షెడ్డుల్లోకి ఎటూ వస్తాయి. నారింజ రంగు తీగల్లో వందల వోల్టులు పారుతుంటాయి. నేర్పకుండా వదిలేస్తే పోయేది ప్రాణం. ఆ ప్రమాదం తప్పించడం తయారుచేసినవాళ్ల బాధ్యత కాదా?

డూప్లికేట్ సామాను పెరిగిపోతోందనీ, అందుకే విడిభాగాలు మా డీలర్ల దగ్గరే ఉంచుతున్నామనీ మీరు చెప్పే వాదన నాకు తెలుసు. మారుతి, టాటా, మహీంద్రా సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, ఆటోనగర్ కౌంటర్ల మీద దొరుకుతుంది. సీలు చూసి, ధర చూసి కొనుక్కుంటాం. అసలుది చేతికందే చోట నకిలీ కొనాల్సిన గతి ఎవరికీ ఉండదు. కౌంటరు మీద దొరకని కంపెనీల సంగతే చెబుతున్నా. మీ బండిలో వేసే ఫిల్టరు, బ్రేకు ప్యాడు, బేరింగు మీరు సొంతంగా తయారుచేసేవి కావు, చాలావరకు సరఫరాదారులవి. అదే ఫ్యాక్టరీ నుంచి అదే సరుకు మీ పేరున్న డబ్బాలో ఒక ధరకు వస్తుంది. దాన్నే తయారీదారు తన డబ్బాలో పెట్టి బజార్లో అమ్ముకోనివ్వకుండా ఒప్పందాలు రాయించుకోవడాన్నే కమిషన్ తప్పుపట్టింది. అసలు సరుక్కి తలుపులు మూసి, దొడ్డిదారిన నకిలీ వస్తోందని ఫిర్యాదు చేస్తే ఎవరు నమ్ముతారు?

ఇదంతా నగరాల్లో ఉన్నవాళ్ల గోల అనుకోవద్దు. నగరాల్లో కనీసం రెండు దారులున్నాయి. పాడేరులో పనిచేసే మాస్టారి బండికి చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఆయన ఘాట్ రోడ్డు దిగి విశాఖ రావాలా? ఉట్నూరులో, శ్రీశైలంలో, భద్రాచలంలో మీలో ఎంతమందికి వర్క్‌షాపులున్నాయి? బండి అమ్మేటప్పుడు ఊరు అడ్డం రాదు, ఇంటికి తెచ్చి మరీ తాళాలిస్తారు. ఆ ఊళ్లో మీరు లేని లోటు తీరుస్తున్నది రోడ్డు పక్క షెడ్డు. దాన్నీ చెయ్యి పెట్టనివ్వకపోతే మాస్టారి గతి ఏమిటి?

మీరు వ్యాపారం మూసుకుని వెళ్లిపోయినప్పుడు మా గతి ఏమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2014 మేలో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017 చివర జనరల్ మోటార్స్ ఇక్కడ షెవర్లే అమ్మకాలు ఆపేసింది. ఫియట్ వెళ్లిపోయింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడాది నిస్సాన్ తన డాట్సన్ బ్రాండుకి ఇక్కడ తెరదించింది. సర్వీసు కొనసాగిస్తామని హామీలిచ్చారు, కొన్ని చోట్ల కొనసాగించారు కూడా. కానీ డీలరు బోర్డు దిగిపోయిన ఊళ్లలో ఆ బీట్‌లనీ ఫిగోలనీ ఎకోస్పోర్ట్‌లనీ ఇవాళ్టికీ రోడ్డు మీద తిప్పుతున్నది ఎవరు? మీరు “అన్ఆథరైజ్డ్” అని రాసే ఆ షెడ్డులే కదా? వెళ్లిపోయే రోజున సర్వీసు మాన్యువళ్లు, సాఫ్ట్‌వేర్ తాళాలు ఆ మెకానిక్కులకు అప్పగించి వెళ్లిన కంపెనీ ఏదైనా ఉందా? రేపు మీలో ఎవరు సర్దుకుంటారో మాకు తెలియదు. మా బండికి మాత్రం 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చారు, అన్నేళ్లు నడపాలి.

మీలో చాలామంది విదేశాల్లోనూ వ్యాపారం చేస్తున్నారు. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ప్రకారం, ఉచితంగా చేస్తే తప్ప, ఫలానా కంపెనీ సామానే వాడాలి, ఫలానా చోటే సర్వీసు చేయించాలి అని వారంటీకి ముడిపెట్టకూడదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు వీధి చివర ఆయిలు మార్పించుకుని రసీదు దాచుకుంటారు, వారంటీ గురించి ఎవరూ బెదిరించరు. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు, శాసనసభ కలిసి రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకు ఇవ్వాలని చట్టమే తెచ్చుకున్నారు. యూరప్‌లో స్వతంత్ర గరాజులు రుసుము కట్టి కంపెనీల సాంకేతిక సమాచారం చూసుకోవచ్చు. అక్కడ చట్టం ముందు తల వంచినవాళ్లు ఇక్కడ కమిషన్ ఉత్తర్వు ముందు ఎందుకు బిగుసుకున్నారు? హైదరాబాద్‌లో బండి కొన్నవాడి రూపాయికి విలువ తక్కువా?

మన ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు పోర్టల్ తెరిచింది. ఎంచుకున్న నాలుగు రంగాల్లో మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడం మంచిదే. కానీ అక్కడ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. మెకానిక్‌కి పనికొచ్చే మాన్యువల్ అక్కడ దొరకాలి.

మేము అడుగుతున్నది దానం కాదు. కొత్త బండితో ఇచ్చే వారంటీ పుస్తకంలో, చిన్న అక్షరాల్లో కాకుండా మొదటి పేజీలో, తెలుగులోనూ, ఒక వాక్యం అచ్చువేయండి: మీరు బయట సర్వీసు చేయించుకున్నంత మాత్రాన మీ వారంటీ రద్దు కాదు, బయటి పని వల్ల పాడైన భాగానికి మాత్రమే వర్తించదు. అది మీ అడ్వైజరు టేబుల్ మీద కూడా అంటించండి. వారంటీ కాదన్నప్పుడు బయటి పనికీ ఈ లోపానికీ సంబంధం ఏమిటో కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. నోటిమాటతో పంపేయవద్దు. ఏటా 20 లక్షల లోపు వ్యాపారం చేసే షెడ్డుకి జీఎస్టీ నంబరు అక్కర్లేదు. దాని బిల్లులో తేదీ, కిలోమీటర్లు, వేసిన ఆయిలు గ్రేడు, సామాను వివరాలు ఉంటే సర్వీసు జరిగినట్టు ఒప్పుకోండి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌కి న్యాయమైన అద్దె పెట్టండి, రోజుకింత అనండి, మా మేస్త్రులు కడతారు. విడి బుష్షులు అమ్మండి. ఎస్టిమేటులో మాన్యువల్ ప్రకారం చేయాల్సిన పనులు ఒక వైపు, మీరు అమ్మజూపే అదనపు పనులు ఇంకో వైపు విడదీసి రాయండి. మీ అందరి సంఘం సియామ్ కూర్చుని నిర్ణయిస్తే తేలిపోయే విషయాలివి. ఇందులో కొత్త పరిశోధన గానీ కొత్త ఫ్యాక్టరీ గానీ ఏమీ అక్కర్లేదు.

మీ పని మంచిదైతే, మీ ధర న్యాయమైనదైతే, మీ దగ్గరికే వస్తాం. మీ వర్క్‌షాపుల్లో మంచి పనివాళ్లున్నారు, మంచి పరికరాలున్నాయి. వాటి మీద నమ్మకం ఉంటే వారంటీని కాపలా పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇది చదివే బండి యజమానులకూ ఒక మాట. “బయట చేయిస్తే వారంటీ పోతుంది” అన్న మాట మళ్లీ వినపడితే, అదే మాట లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వమని అడగండి. ఇస్తే ఆ కాగితంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. షెడ్డులో చేయించిన ప్రతి పనికీ బిల్లు తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి.

యాజమాన్యాలకు మళ్లీ విన్నవించుకుంటున్నాను. ఈ ఉత్తరానికి జవాబు నాకు రాయనక్కర్లేదు. రాబోయే మోడల్ వారంటీ పుస్తకంలో రాయండి.

ఇట్లు,
మీ బండే నడుపుతున్న ఒక వినియోగదారుడు,
విజయవాడ